మైకు పట్టిన చేతిలో గల్లాపెట్టె: సామీ హాగర్ పాట, వ్యాపారం

రాక్ బ్యాండ్ల చుట్టూ డబ్బు బాగానే తిరుగుతుంది. అందులో పాడేవాడి జేబులో మిగిలేది ఎంత అన్నది వేరే లెక్క. రికార్డు కంపెనీ ముందుగా అడ్వాన్సు ఇస్తుంది. స్టూడియో అద్దె, వీడియో ఖర్చు అన్నీ అతని ఖాతాలోనే రాసుకుంటుంది. అవన్నీ రాయల్టీలోంచి తీరాకే అతని చేతికి నాలుగు రాళ్ళు రావడం మొదలవుతుంది. మేనేజరుకు సాధారణంగా నూటికి 15 నుంచి 20. మిగిలింది బ్యాండులో ఎందరుంటే అన్ని ముక్కలు. ఇంతా అయ్యాక పాట అసలు రికార్డింగు మీద హక్కు మాత్రం ఎక్కువగా కంపెనీదే. గొంతు ఉన్నన్నాళ్ళూ కూలి గిట్టుతుంది. కానీ ఆ కూలిలోంచి అమ్ముకోగలిగే ఆస్తి తయారవడం అరుదు.

అమెరికన్ హార్డ్ రాక్ గాయకుడు సామీ హాగర్ ఈ లెక్కను చాలా ముందే పట్టుకున్నాడు. టెకీలా అనే మెక్సికన్ మద్యంలో తన బ్రాండైన 'కాబో వాబో'లో 80 శాతం వాటాను 2007లో ఇటలీ కంపెనీ కంపారీకి 8 కోట్ల డాలర్లకు అమ్మడంతో ప్రపంచం అతన్ని వ్యాపారవేత్తగా చూడటం మొదలుపెట్టింది. పేరున్న పాటగాడు సీసా మీద బొమ్మ వేయించుకుని కోటీశ్వరుడయ్యాడని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగిన క్రమం చూస్తే అలా అనిపించదు. వ్యాపారబుద్ధి పేరు కంటే ముందే ఉంది. సీసా కంటే ముందు ఒక చోటు ఉంది, ఆ చోటుకు వచ్చే జనం ఉన్నారు. ఆ చోటు కూడా మొదట నష్టాల్లోనే నడిచింది.

హాగర్ 1947 అక్టోబరు 13న కాలిఫోర్నియాలోని సలీనస్‌లో పుట్టాడు. పెరిగింది లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న ఫాంటానాలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ఓడల తయారీకి ఉక్కు కావాలని హెన్రీ కైజర్ కట్టించిన కర్మాగారం ఆ ఊరికి కూడు పెట్టింది. హాగర్ తండ్రీ అందులోనే పనిచేశాడు. ఒకప్పుడు బాక్సరు, ఆ తర్వాత తాగుడుకు బానిస. ఇంట్లో గొడవలు, పిల్లల్ని వెంటేసుకుని తల్లి ఇల్లు విడిచిన రాత్రులు, చేతిలో డబ్బులేని రోజులు, ఇవన్నీ హాగర్ తన ఆత్మకథలోనూ ఇంటర్వ్యూల్లోనూ దాచుకోకుండా చెప్పాడు. తాగుడు వల్ల చితికిన ఇంట్లో పెరిగినవాడే మద్యం అమ్మి సంపన్నుడయ్యాడన్నది ఈ కథలో మింగుడుపడని ముక్క. అతని వ్యాపార విజయం గురించి రాసేవాళ్ళు చాలామంది దాన్ని దాటేసి పోతారు.

పేదరికం చూసిన గాయకులు రాక్‌లో కొల్లలు. చాలామందికి డబ్బు రాగానే చెయ్యి జారింది. హాగర్‌లో ఆ భయం మరో దారి పట్టింది. పాట ఏ రోజైనా ఆగిపోవచ్చు కాబట్టి పక్కన ఇంకో రాబడి ఉండాలన్న పట్టుదలగా మారింది. పెద్ద హిట్లు రాకముందు నుంచే అతను స్థలాల మీద, ఇళ్ళ మీద డబ్బు పెడుతూ వచ్చాడు. భవనాల్లో మంటలార్పే స్ప్రింక్లర్లు బిగించే కంపెనీలో భాగస్వామిగా ఉన్నానని తనే చెప్పుకున్నాడు. రాక్ స్టార్ అనగానే కళ్ళముందు మెదిలే వ్యాపారం కాదది. అయితే భవన నిబంధనలు ఉన్నంతకాలం గిరాకీ తగ్గనిది. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో సైకిళ్ళ దుకాణమూ పెట్టాడు. మౌంటెన్ బైక్ అన్నది 1970లలో పుట్టింది ఆ కౌంటీ కొండదారుల్లోనే. ఊళ్ళో జనం దేనికోసం వెతుక్కుంటున్నారో చూసి దాన్నే అమ్మడం అతని పద్ధతి. తర్వాత మెక్సికోలోని కాబో అనే ఊళ్ళో చేసింది కూడా ఇదే.

పాట సంగతికొస్తే, తొలి గుర్తింపు గిటారిస్టు రానీ మాంట్రోజ్ బ్యాండులో వచ్చింది. 1973లో వచ్చిన ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ అప్పట్లో ఊపేసిందేమీ లేదు. ఇప్పుడు మాత్రం అమెరికన్ హార్డ్ రాక్‌కు అచ్చు వేసిన రికార్డుల్లో ఒకటిగా లెక్కవేస్తారు. దాని నిర్మాత టెడ్ టెంపుల్‌మన్. 1978లో వాన్ హేలెన్ అనే రాక్ బ్యాండు తొలి ఆల్బమ్ చేసిందీ అతనే. 1975లో మాంట్రోజ్ నుంచి బయటపడ్డాక హాగర్ సొంతంగా పాడుతూ క్యాపిటల్ కంపెనీకి వరసగా ఆల్బమ్‌లు చేశాడు. అమ్మకాలు అంతంత మాత్రం. కానీ ఆ ఏళ్ళలోనే ఎర్ర బట్టలు, ఎర్ర గిటారు, 'రెడ్ రాకర్' అన్న మారుపేరు స్థిరపడ్డాయి. బ్రాండ్ గుర్తు ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఎక్కడ చూసినా ఒకే రంగు, మాట వినపడకముందే మనిషి కనపడాలి.

గెఫెన్ కంపెనీకి మారాక 1980ల మొదట్లో అదృష్టం తిరిగింది. 1984లో వచ్చిన 'ఐ కాంట్ డ్రైవ్ 55' పాట వెనక ఓ చలానా ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అమెరికా రోడ్లన్నింటికీ గంటకు 55 మైళ్ళ పరిమితి వచ్చింది, అంటే దాదాపు 89 కిలోమీటర్లు. న్యూయార్క్ రాష్ట్రంలో ఖాళీగా ఉన్న హైవే మీద అర్ధరాత్రి దాటాక 62 మైళ్ళ వేగంతో వెళ్తుంటే పోలీసులు పట్టుకున్నారని, ఆ విసుగులోంచే పాట పుట్టిందని హాగర్ చెబుతాడు. చమురు పొదుపు కోసం తెచ్చిన చట్టం పదేళ్ళు గడిచినా కొనసాగడం మీద లక్షలమంది డ్రైవర్లకున్న చిరాకు ఆ పాటలో గొంతు విప్పింది. పరిమితి 1987లో కొన్ని రోడ్ల మీద సడలింది, 1995లో చట్టమే పోయింది. పాట మాత్రం పోలేదు.

కార్ల పిచ్చే అతన్ని తర్వాతి మెట్టు ఎక్కించింది. డేవిడ్ లీ రాత్ వెళ్ళిపోయాక 1985లో వాన్ హేలెన్‌కు గాయకుడు లేకుండా పోయాడు. ఇటాలియన్ స్పోర్ట్స్ కార్లు బాగుచేసే క్లాడియో జాంపోలీ దగ్గరికి ఆ బ్యాండు గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ వెళ్ళేవాడు, హాగర్ కూడా వెళ్ళేవాడు. ఇద్దర్నీ కలిపింది అతనే. అంతకుముందు ఆ బ్యాండు '1984' ఆల్బమ్ మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను దాటలేక అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానంలో ఆగిపోయింది. హాగర్ వచ్చాక 1986లో వెలువడిన '5150' మొదటి స్థానానికి చేరింది. 1988, 1991, 1995లలో వచ్చిన మిగతా మూడు స్టూడియో ఆల్బమ్‌లూ అంతే. రాత్ అభిమానులు దీన్ని 'వాన్ హాగర్' అని వెటకరించారు, ఇప్పటికీ ఆ తగువు తెగలేదు. రాత్‌లో ఉన్న చిలిపితనం హాగర్‌లో లేదన్నది నిజమే. అయితే పై స్థాయిలో నిలకడగా పాడగల గొంతు వల్ల ఎడ్డీ కీబోర్డు మీద కట్టే మెలోడీలకు చోటు దొరికింది. బ్యాండు శ్రోతలు పెరిగింది అందువల్లే.

ఇక కాబో. మెక్సికోలోని బాజా కాలిఫోర్నియా ద్వీపకల్పం కొసన ఉన్న కాబో శాన్ లూకస్ ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళ పల్లె. ద్వీపకల్పం పొడవునా వెళ్ళే హైవే 1973లో పూర్తయింది. తర్వాత ఆ ప్రాంతాన్ని పర్యాటక కేంద్రంగా మార్చడానికి మెక్సికో ప్రభుత్వ సంస్థ ఫోనాటూర్ నడుం కట్టింది. 1980ల మొదట్లో హాగర్ అక్కడికి వెళ్ళేనాటికి సముద్రం, ఎడారి పక్కపక్కనే ఉన్న నిదానమైన ఊరది. రాత్రి పొద్దుపోయాక పాట వినడానికి పెద్దగా చోటు లేదు. పొద్దున్నే తూలుతూ నడుస్తున్న ఒక తాగుబోతును చూసి, తూలడానికి ఇంగ్లీషులో వాడే 'వాబుల్'ను ఊరి పేరుకు తగిలించాడట. 'కాబో వాబో' అలా పుట్టింది.

వ్యాపారం కోణంలో చూస్తే ఆ తర్వాత వేసిన అడుగు చాలా తెలివైనది. ఆ పేరుతో పాట రాసి 1988లో వాన్ హేలెన్ 'ఓయూ812' ఆల్బమ్‌లో పెట్టారు. ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. కాబో వాబో కాంటీనా అన్న బార్ కమ్ రెస్టారెంట్ తలుపులు తీసింది 1990 ఏప్రిల్‌లో. అంటే దుకాణం తెరవడానికి రెండేళ్ళ ముందే దాని పేరు లక్షల ఇళ్ళలో మోగుతోంది. ముందే వేసుకున్న లెక్క అనలేం గానీ, పైసా ఖర్చులేని ప్రకటన అది.

ప్రకటన ఎంత పెద్దదైనా కుర్చీలు వాటంతటవే నిండవు. మెక్సికో తీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల ఉన్న భూమిని విదేశీయులు నేరుగా సొంతం చేసుకోవడానికి ఆ దేశ రాజ్యాంగం ఒప్పుకోదు. బ్యాంకు ట్రస్టు ద్వారానో మెక్సికన్ కంపెనీ ద్వారానో వెళ్ళాలి. స్థానికంగా నమ్మకమైన మనిషి లేకపోతే ముందుకు కదలదు. దీనికి తోడు సీజను తిప్పలు. బ్యాండు వచ్చి వాయించిన రోజు ఇసుక వేస్తే రాలనంత జనం, మిగతా రోజుల్లో ఖాళీ బల్లలు. మొదట వాన్ హేలెన్ సభ్యులందరూ ఇందులో భాగస్వాములే. నష్టాలు చూసి మిగతావాళ్ళు పక్కకు తప్పుకున్నారు. హాగర్ మొత్తం తన నెత్తికెత్తుకున్నాడు.

ఈ కథలో పెద్ద మలుపు ఇదేనని నా అంచనా, టెకీలా తర్వాతి సంగతి. అప్పటికి వాన్ హేలెన్ ప్రపంచంలోనే పెద్ద బ్యాండ్లలో ఒకటి. ఎక్కడో పరాయి దేశపు బార్‌లో నెలనెలా పోతున్న డబ్బు గురించి దిగులు పడాల్సిన అవసరం ఎవరికీ లేదు. వదిలేయడమే తెలివైన పనిగా కనిపించి ఉంటుంది. హాగర్ మాత్రం పాటలో తనకు దక్కేది బ్యాండు వాటాల్లో ఒక ముక్కేననీ, ఇక్కడ నష్టమైనా లాభమైనా మొత్తం తనదేననీ చూశాడు. అతను చేసింది కూడా సాదా పనే. తరచూ వెళ్ళాడు, స్నేహితులైన సంగీతకారుల్ని పిలిచాడు, చిన్న వేదిక మీద తనే పాడాడు. ప్రతి అక్టోబరులో తన పుట్టినరోజును అక్కడే వరస కచేరీలతో జరపడం ఆనవాయితీ చేశాడు. అక్టోబరు అక్కడ తుఫాన్ల కాలం చివర, టూరిస్టులు పలచగా ఉండే రోజులు. సరిగ్గా బల్లలు ఖాళీగా ఉండే నెలలో అభిమానులు విమానాలెక్కి రావడం మొదలైంది.

ఈలోపు బ్యాండులో పొరపొచ్చాలు ముదిరాయి. అందర్నీ కలిపి ఉంచిన మేనేజరు ఎడ్ లెఫ్లర్ 1993లో చనిపోయాడు. 1996లో హాగర్ బయటికి వచ్చాడు. మానేశాడా, తీసేశారా అన్న దాని మీద రెండు వైపులా రెండు కథలున్నాయి. అదే ఏడాది కాంటీనాలో సొంత టెకీలా పోయడం మొదలైంది. ఉద్యోగం పోయినప్పుడు గల్లాపెట్టె సిద్ధంగా ఉందన్నమాట.

టెకీలా అన్న పేరు ఎవరు పడితే వాళ్ళు వాడుకోవడానికి వీల్లేదు. 1974 నుంచి దానికి మెక్సికోలో భౌగోళిక రక్షణ ఉంది. జాలిస్కో రాష్ట్రంలోనూ, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లోనూ, నీలి అగావే మొక్క నుంచి తీసినదాన్నే అలా పిలవాలి. ఆ మొక్క కోతకు రావడానికి ఆరేడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ముళ్ళ ఆకులు నరికేశాక మిగిలే పెద్ద గడ్డను కాల్చి, పిండి, పులియబెట్టి బట్టీ పడతారు. చట్టం ప్రకారం చక్కెరల్లో 51 శాతం అగావే నుంచి వస్తే చాలు, మిగతాది చెరకు చక్కెరైనా ఫరవాలేదు. ఈ కలగలుపు రకాన్ని మిక్స్టో అంటారు. ఉప్పు నాకి, నిమ్మబద్ద కొరికి ఒక్క గుక్కలో మింగే అలవాటు అమెరికాలో పాతుకుపోవడానికి కారణం ఎక్కువగా ఈ చవక రకమే. నాలుక మీద నిలవనివ్వకుండా దాటించేయాలి కదా. జాలిస్కోలో ఒక కుటుంబం బట్టీ పట్టే నూరుశాతం అగావే టెకీలా తాగి చూశాక హాగర్‌కు తేడా తెలిసింది. దాన్నే కాంటీనా సొంత సరుకుగా పెట్టాడు.

బార్‌లో తాగినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్తామంటే అక్కడ అసలు ఇబ్బంది మొదలవుతుంది. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక వచ్చిన ఏర్పాటు ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటరు, ఆ తర్వాతే దుకాణం. ఈ మూడు మెట్లూ దాటాలి. రాష్ట్రానికో నిబంధన, కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వమే టోకు వ్యాపారి. ఎంత పేరున్న గాయకుడైనా డిస్ట్రిబ్యూటరు మొగ్గు చూపకపోతే సీసా అల్మారా ఎక్కదు. 1999లో హాగర్ ఎంచుకున్న కంపెనీ విల్సన్ డేనియల్స్. నాపా లోయకు చెందిన ఈ సంస్థ ఫ్రాన్స్‌లోని రోమనే కాంతీ లాంటి ఖరీదైన వైన్లను అమెరికాకు తెస్తుంది. రాక్ గాయకుడి టెకీలా టీషర్టులు, టోపీల పక్కన అభిమానుల సరుకుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వైన్ల వ్యాపారి జాబితాలో చేరడంతో మంచి రెస్టారెంట్ల తలుపులు తెరుచుకున్నాయి. మొదటి ఏడాది అమ్ముడైనవి దాదాపు 37 వేల కేసులు, అంటే సీసాల పెట్టెలు. 2006కు అది 1,40,000 దాటింది.

కాలమూ కలిసొచ్చింది. 1989లో మొదలైన పట్రాన్ అనే టెకీలా బ్రాండు అప్పటికే అమెరికన్లకు ఖరీదైన టెకీలాను నెమ్మదిగా తాగడం అలవాటు చేస్తోంది. మరోవైపు 2000 ప్రాంతంలో అగావే కరువు వచ్చి ధరలు ఆకాశానికి ఎగబాకాయి. ఏళ్ళ తరబడి పెరిగే మొక్క కాబట్టి గిరాకీ పెరిగిందని మర్నాడే పంట పెంచలేరు. కొన్ని బ్రాండ్లు నూరుశాతం అగావే వదిలి మిక్స్టోకు దిగిపోయాయి. నాణ్యత పేరు చెప్పుకుని వచ్చిన చిన్న బ్రాండుకు అది గడ్డుకాలం. దాటి బయటపడటమే గొప్ప.

పేరు చేసిన సాయం తక్కువేం కాదు. వాన్ హేలెన్ తర్వాత హాగర్ తన బ్యాండుకే 'వాబోరిటాస్' అని పేరు పెట్టాడు. వేదిక మీద బార్ సెట్టింగు, చేతిలో గ్లాసు. ప్రతి కచేరీ రెండు గంటల ప్రకటన. మామూలు మద్యం కంపెనీ ఇలాంటి ప్రచారానికి ఎంత పోయాలో ఊహించుకోవచ్చు. 2004లో వాన్ హేలెన్‌తో మళ్ళీ పర్యటనకు వెళ్ళినప్పుడు వేదిక మీద తన టెకీలా ప్రచారం కుదరదన్నారనీ, దాంతో చేతి మీద కాబో వాబో పచ్చబొట్టే పొడిపించుకున్నాననీ అతను చెప్పుకున్నాడు. నవ్వొచ్చే సంగతే. అయితే అప్పటికి అతనికి ఏది ముఖ్యమో ఆ పచ్చబొట్టు చూస్తే అర్థమవుతుంది.

2007 ఒప్పందం లెక్క చూద్దాం. 80 శాతానికి 8 కోట్లంటే మొత్తం బ్రాండుకు 10 కోట్ల డాలర్ల విలువ. ఏటా 1,40,000 కేసుల మీద కేసుకు దాదాపు 700 డాలర్లు పడుతుంది. కొన్నవాడు ఆ ఏటి లాభం చూసి ఇంత ఇవ్వడు. తన పంపిణీ వ్యవస్థలో పెడితే రేపు ఎంత పెరుగుతుందో దానికి ఇస్తాడు. 1860లో మొదలైన కంపారీకి అమెరికాలో అల్మారాలు ఉన్నాయి, చేతిలో ఖరీదైన టెకీలా కావాలి. హాగర్‌కు టెకీలా ఉంది, ఆ స్థాయి అల్మారాలు లేవు. మిగిలిన వాటా కూడా తర్వాత కంపారీకే వెళ్ళింది.

తొందరపడి అమ్ముకున్నాడనే వాళ్ళున్నారు. 2017లో నటుడు జార్జ్ క్లూనీ, అతని భాగస్వాములు తమ టెకీలా కాసామిగోస్‌ను మద్యం కంపెనీ డియాజియోకు 100 కోట్ల డాలర్ల దాకా వచ్చే ఒప్పందంతో అమ్మారు. 2018లో పట్రాన్‌కు మరో మద్యం కంపెనీ బకార్డీ 510 కోట్ల డాలర్ల విలువ కట్టింది. వాటి పక్కన 10 కోట్లు చిల్లరలా కనిపిస్తాయి. కానీ 2007లో అమ్ముతున్నవాడికి 2017 ధర ఎలా తెలుస్తుంది? 2007 డిసెంబరులోనే అమెరికా మాంద్యంలోకి జారింది, మరుసటి ఏడాది బ్యాంకులే కూలాయి. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆ ధర వచ్చేది అనుమానమే. పైగా అప్పటికి 'సెలబ్రిటీ టెకీలా' అన్న మాట బజారులో స్థిరపడలేదు. గాయకుడు కట్టిన బ్రాండును పెద్ద కంపెనీ ఇంత పెట్టి కొంటుందన్న నమూనాను గట్టిగా నిలబెట్టింది ఈ ఒప్పందమే. తర్వాత వచ్చినవాళ్ళు ఇలా పడిన దారి మీద నడిచారు.

అలాగని దీన్ని ఎవరైనా అనుసరించగల సూత్రంగా చెబితే అతి అవుతుంది. నష్టాల బార్‌ను ఏళ్ళ తరబడి మోయగలగడానికి వాన్ హేలెన్ డబ్బే దన్ను. వేదిక లేని మామూలు వ్యాపారి అదే కాంటీనాను మూడో ఏడు మూసేసేవాడు. పేరు పెట్టుకుని మద్యం దింపి, అభిమానులు ఒక్కసారి కొని మర్చిపోగా కనుమరుగైన సెలబ్రిటీ సీసాలకు లెక్కే లేదు. వాటికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ సరుకు అమెరికా బజారుకు రాకముందే మూడేళ్ళపాటు ఒకే బార్‌లో రుచిపరీక్షకు నిలబడింది. బాగోకపోతే తాగినవాడు యజమాని ముఖం మీదే చెప్పే చోటది.

డబ్బు చేతికొచ్చాక పాట మారిందా? 2007లోనే వాన్ హేలెన్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు వేడుకకు వచ్చింది ఇద్దరే, హాగర్, బాసిస్టు మైకేల్ ఆంథనీ. వాళ్ళిద్దరూ గిటారిస్టు జో సాత్రియానీ, డ్రమ్మరు చాడ్ స్మిత్‌తో కలిసి చికెన్‌ఫుట్ అనే బ్యాండు కట్టి 2009లో ఆల్బమ్ తెచ్చారు. హిట్టు కొట్టాలన్న టెన్షన్ లేని నలుగురు నడివయసు దాటిన మనుషులు సరదాకి వాయించుకున్నట్టుంటుంది అది. 1995 'బ్యాలెన్స్' ఆల్బమ్‌లో వినపడే బిగుసుకుపోయిన వాతావరణం కంటే ఇదే హాయిగా ఉంది.

వ్యాపారాలూ ఆగలేదు. హవాయిలోని మావీ దీవి చెరకుతో 2011లో రమ్ము దింపాడు. విమానాశ్రయాల్లో 'సామీస్ బీచ్ బార్' పేరుతో రెస్టారెంట్లు తెరిచి, తన లాభాలు స్థానిక సేవాసంస్థలకు ఇచ్చేలా ఏర్పాటు చేశాడు. 2017లో గాయకుడు ఆడమ్ లెవీన్‌తో కలిసి టెకీలా, అగావే నుంచే తీసే మరో మద్యం మెస్కాల్ కలిపిన 'సాంటో' తెచ్చాడు. తర్వాత టీవీ వంటల గై ఫియెరీతో జతకట్టి ఆ పేరు మీదే టెకీలాలు దింపాడు. ఇవేవీ కాబో వాబో అంత మోత మోగించలేదు. ఈసారి అల్మారా నిండా సినిమావాళ్ళ, ఆటగాళ్ళ సీసాలే, పోటీ ఎక్కువ.

2024 ఏప్రిల్‌లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరుతో నక్షత్రం పొదిగారు. ఆ వేసవిలోనే, 76 ఏళ్ళ వయసులో, ఆంథనీ, సాత్రియానీలతో వాన్ హేలెన్ పాటలు పాడుతూ అమెరికా అంతా తిరిగాడు. కాబో వాబో అన్న పేరు ఇప్పుడు రెండు చేతుల్లో ఉంది. సీసా మీద ఉన్నది కంపారీది, దాని లాభం మిలాన్‌కు వెళ్తుంది. మొదట్లో ఎవరికీ అక్కర్లేకపోయిన ఆ బార్‌ను మాత్రం హాగర్ ఆ ఒప్పందంలో కలపలేదు.